ట్రంకాల్ అష్టాచెమ్మా

మే 9, 1983
పాకాల వెళ్ళి అక్కను చూసి వచ్చాను. పక్షవాతం వచ్చి నెల దాటింది. మాట బాగుంది, మెల్లగా నడుస్తోంది. కుడి చెయ్యి మాత్రం ఎవరిదో తెచ్చి ఒళ్ళో పెట్టినట్టు పెట్టుకుని కూర్చుంది. ఆ చేతికి పని చెప్పకపోతే బిగుసుకుపోతుందని డాక్టరు అన్నాడట. కోడలు దేవకమ్మ బంతి ఇస్తే కిటికీలోంచి విసిరేసిందట, ఎడమ చేత్తో. అష్టాచెమ్మా ఆడదామా అని అడిగాను. సచ్చేదానికి ఆటలేందిరా మునిరత్నం అంది.

మే 11
మామిడి సీజను. చిత్తూరు మండీ వదిలి రోజూ పాకాల పోలేను. కానీ ఇక్కడ ఫోనుంది, అక్క ఇంట్లోనూ ఉంది. ఫోను పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి. ఆమెకు మంచిది ఎడమ చెయ్యే. మరి గవ్వలు వేసేది ఏ చెయ్యి?
మొండిదానికి మొండోడే మందు.

మే 12
ఏ గడి అని ఫోన్లో ఎట్లా చెప్పేది? ఒక్కో గడికి ఒక్కో చుట్టం పేరు పెట్టాను. నడిమి గడి తిరుమలమ్మ అవ్వ. అవ్వ ఒళ్ళో చేరితే కాయ పండినట్టే. దేవకమ్మ అక్కడ పలక మీద అట్లాగే గీసి పేర్లు రాసుకుంది. అక్క ఆడనంది. నా కాయ మీ మామ నెత్తిన కూర్చుందక్కా అంటే కిసుక్కున నవ్వింది.

మే 14
ఆడింది! రిసీవరు బల్ల మీద పెట్టి ఎడమ చేత్తో వేసింది. టక్కుమని ఇక్కడికి వినిపించింది. చెవి దగ్గర నుంచి ఫోను తీస్తే పందెం చెల్లదన్నాను. ఎవుర్రా పెట్టింది ఈ చట్టం అంది. ఎక్స్ఛేంజి వాళ్ళే అన్నాను. ఫోను పట్టుకునే వాళ్ళు లేకుండా దేవకమ్మను ముందే వంటింట్లోకి పొమ్మని చెప్పి ఉంచాను.

మే 15
కుడి చేత్తో వేసింది. గవ్వలు వేళ్ళ సందుల్లోంచి నేల మీద పడ్డాయి. ఏడుపు వినిపించింది. అయినా, కింద పడినవి చెల్లవు, మళ్ళీ వెయ్యి అన్నాను. రాక్షసుడివిరా అని ఫోను పెట్టేసింది.

మే 16
ట్రంకాల్ బుక్ చేశాను. అక్క ఫోనెత్తలేదు.

మే 17
దేవకమ్మ ఎత్తింది. అత్త మాట్లాడనంటా ఉండాది మామా అంది. మీ అత్తకు చెప్పు, నాకు ఎనిమిది పడింది, మళ్ళీ ఎనిమిది పడింది, ఆమె కాయను చంపేశాను అన్నాను. నాకు పడింది రెండే. వెనక నుంచి కేక. దొంగ సచ్చినోడా, ఎవురు సూసినారు! రిసీవరు లాక్కుంది. నిన్ను నమ్మేదెట్లా, ఇంకమీదట నీ పందేలు గూడా నేనే యేస్తా అంది.
వెయ్యి తల్లీ, వెయ్యి. ఆ చేతికి రెట్టింపు పని.

జూన్ 2
రోజూ ఆడుతున్నాం. ఓడుతున్నాను. మండీకొచ్చిన పరంధామయ్య మామిడి రేటు అడిగితే, ఉండప్పా, కాయ చావబోతా ఉండాది అన్నాను. ఎవురి తోటలో అని అడిగాడు పాపం.
అత్త కుడి చేతి ఏళ్ళు రొంత ముడస్తా ఉండాది మామా అని దేవకమ్మ గుసగుసగా చెప్పింది.

జూన్ 11
నాకు రోజూ ఒకటే పడుతోందట. తనకు రోజూ ఎనిమిదే. ఒట్టెయ్యక్కా అంటే, పెట్టెయ్‌రా ఫోను అంది.
సచ్చేదానికి ఆటలేందన్న మా అక్క గెలవాలని దొంగాట ఆడుతోంది.