వెనకాల వచ్చే లారీ

కూబర్ పీడీ
మే, 1998

ప్రియమైన లాయిడ్,

కొత్త మోటారు సైకిల్ వచ్చేసింది. పెట్రోలు నింపితే నా బరువుకి నాలుగింతలు. ఎడారి ర్యాలీలకు తేలికైన బండ్లు తెచ్చుకునేవాళ్లంతా దాన్ని చూసి నవ్వుతున్నారు. నాకు మాత్రం ఇలాంటిదే కావాలి. గులకరాళ్ల దారిలో ఇది ఏనుగులా సాగిపోతుంది. చిక్కల్లా ఇసుకలోనే.

ఇక్కడ బస్సు నడిపే పని బాగానే ఉంది. సెలవు దొరికితే బ్రూనోతో దిబ్బల మీదికి వెళ్తున్నాను. అతను గనిలో ఒపల్ రాళ్లు తవ్వుతాడు, తీరిక దొరికితే బండ్లు బాగుచేస్తాడు. నిన్న నేను వరసగా పడుతుంటే తన జీపు బోనెట్ మీద కూర్చుని, "గ్లెనిస్, అది బండా, గేదెనా? ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ పడుకుంటోంది" అన్నాడు. "లేపడానికి రావయ్యా" అంటే, "పోటీలో ఎవరొస్తారు? నువ్వే లేపుకో" అన్నాడు. లేపాను. నడుము ఇంకా నొప్పిగానే ఉంది.

రెండేళ్ల కిందట ర్యాలీలో ఆగిపోయినవాళ్లను ఏరుకుంటూ చివర వచ్చే లారీలో, విరిగిన భుజంతో ఇంటికొచ్చాను. ఆస్పత్రిలో నువ్వు "ఇక చాలు గ్లెన్" అన్నావు. ఆ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు. నేను ఇంత దూరం వచ్చి మళ్లీ మొదలుపెట్టినా ఒక్క మాటైనా అనలేదు. తిట్టినా బాగుండేది.

నీ
గ్లెన్

*

బండిల్లా గొర్రెల ఫారం
జూన్

ప్రియమైన గ్లెన్,

ఉత్తరం పోస్టు విమానంలో వచ్చింది. ఉత్తరం వైపు బావి పంపు మళ్లీ మొరాయించింది. కుక్క ఈనింది, పిల్లలన్నీ నల్లవే. వానల్లేవు.

ఆదివారాలు ఫోన్ చేయకు, నేను ఇంట్లో ఉండటం లేదు. పట్నంలో కాస్త పని పడుతోంది.

భుజం జాగ్రత్త. ఇంతకన్నా రాయడానికేమీ లేదు.

లాయిడ్

*

కూబర్ పీడీ
జూలై

ప్రియమైన లాయిడ్,

చేయవద్దన్నా ఆదివారం ఫోన్ చేశాను. వంటమనిషి ఐరిస్ ఎత్తింది. "ఆయన శుక్రవారమే సంచి సర్దుకుని వెళ్లిపోయాడమ్మా. ప్రతి వారం ఇదే వరస" అంది. ఎక్కడికని అడిగితే కాసేపు నసిగి, "నాకేం తెలుసు? నోలా అని ఎవరో ఫోన్ చేస్తుంటుంది. ఆవిడతో మాట్లాడాక మాత్రం మనిషి హుషారుగా ఉంటాడు" అని పెట్టేసింది.

ఇది రాయడానికి చాలా కాగితాలు చింపాను. నేను ఇల్లు వదిలి బండి వెంట పడ్డానని నీకు అనిపిస్తే తప్పు పట్టను. కానీ నా వెనకాల ఏదో జరుగుతుంటే, అది నీ నోటి నుంచే వినాలి. వచ్చే వారం బర్డ్స్‌విల్‌లో ర్యాలీ మొదలవుతోంది. ఆ లోపే జవాబివ్వు. నిజమేదైనా సరే, తెలిసే బయలుదేరతాను.

గ్లెనిస్

*

బండిల్లా
జూలై

ప్రియమైన గ్లెన్,

అంతా ర్యాలీ అయ్యాక చెబుతాను. అందాకా నన్ను నమ్ము. దారి చూసుకుని నడుపు.

నీ
లాయిడ్

*

ఆలిస్ స్ప్రింగ్స్
ఆగస్టు

లాయిడ్,

ర్యాలీ పూర్తిచేశాను. బరువు బండ్లవాళ్లలో సగం మంది దారిలోనే ఆగిపోయారు. గమ్యం చేరినవాళ్లలో నాది ఆఖరి స్థానం. జనం చప్పట్లు కొడుతుంటే నేను మాత్రం లారీ కోసం చూస్తూ నిలబడ్డాను. తీరా అది వచ్చేసరికి నువ్వు అందులో లేవు. గొర్రెల ఉన్ని కోతకని దారిలోనే దిగి వెళ్లిపోయావని చెప్పారు.

ఆ దిబ్బ దగ్గర ఏం జరిగిందో నా వైపు నుంచి విను. బండి చక్రాలు ఎత్తువైపు, హ్యాండిల్ పల్లంవైపు ఉండేలా పడింది. అలా పడితే ఎంత బలం ఉన్నా లేవదు. ఎన్నిసార్లు ప్రయత్నించానో గుర్తు లేదు. నీళ్లు అడుగంటాయి. ఇంతలో వెనకాల లారీ మోత వినిపించింది. ఇక ఎక్కేద్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

దిగింది నువ్వు. పక్కన ఆవిడ. చొక్కా మీద పేరు చదివాను, నోలా.

"దెబ్బలేమైనా తగిలాయా?" అన్నావు, అదేదో పరాయి మనిషిని అడిగినట్టు.

"లేదు" అన్నాను.

అంతే. వెళ్లి లారీ నీడలో కూర్చున్నావు. ఆవిడ ఏదో అంటోంది, నువ్వు తల అడ్డంగా ఊపుతున్నావు. నేను ఓడిపోవడం చూడటానికే ఇంత దూరం వచ్చావనుకున్నాను. ఆ కోపమే నన్ను లేపింది. చేతులతో ఇసుక తోడాను. ముందు చక్రం పట్టుకుని జానెడు జానెడు ఈడ్చి, చక్రాలు పల్లంవైపు తిరిగేలా చేశాను. సీటుకి వీపు ఆనించి, కాళ్లతో నేలను తన్నిపట్టి లేచాను. బండి కూడా లేచింది. వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాను.

నువ్వు చెయ్యి వేస్తే నన్ను పోటీ నుంచి తీసేస్తారని తెలుసు. చెయ్యి వేయమనలేదు. కానీ లాయిడ్, "నువ్వు లేపగలవు" అని ఒక్క మాట అనలేకపోయావా?

గ్లెనిస్

*

బండిల్లా
ఆగస్టు

ప్రియమైన గ్లెన్,

రెండేళ్ల కిందట నువ్వు పడ్డావని ఫోన్ వచ్చింది. బతికున్నావని రెండో ఫోన్ వచ్చేదాకా నేను వంటింట్లోనే నిలబడి ఉన్నాను. ఆ నిలబడటం మళ్లీ నావల్ల కాదు. నిన్ను ఆపడం ఎలాగూ కాదు. ఉంటే అక్కడే ఉందామని, ఆ లారీ నడపడానికి పేరిచ్చాను. లారీలో వచ్చే వైద్య సహాయకురాలే నోలా. వారం వారం నాకు ఇసుకలో లారీ నడపడం, కట్లు కట్టడం నేర్పింది. నీకు ముందే చెబితే దారి మానేసి వెనకాల లారీనే చూస్తూ నడుపుతావని చెప్పలేదు. ఐరిస్ ఏమనుకుందో నీ జూలై ఉత్తరం చూశాకే తెలిసింది. నోలాకి చెబితే కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది.

ఆ దిబ్బ దగ్గర ఆమె అన్నది ఇదీ: "పొద్దు వాలుతోంది, ఎక్కించు."

"ఇంజను వేడెక్కింది. చల్లారాలి" అన్నాను.

"వేడి చూపించే సూది మధ్యలోనే ఉంది కదయ్యా."

"సూది పాడైంది."

నన్నోసారి చూసి ఫ్లాస్కు మూత తీసింది.

లారీవాళ్లు సలహా ఇచ్చినా సాయం కిందే లెక్కగడతారని మాకు మొదటి రోజే చెప్పారు. కానీ అసలు కారణం అది కాదు. నోరు తెరిస్తే "లేపగలవు" అని వస్తుందో, "ఇక చాలు, రా" అని వస్తుందో నాకే తెలియలేదు. అందుకే పళ్లు బిగబట్టి, చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. నువ్వు ఈడ్చిన ప్రతి జానెడుకీ నా భుజాలు లాగాయి.

నువ్వు దిబ్బ దాటాక నోలా, "ఇంజను చల్లారిందా?" అని అడిగింది. తాళం ఆమె చేతిలో పెట్టాను. కాసేపు లారీ ఆవిడే నడిపింది.

వచ్చే ఏడాదికీ లారీ నన్నే నడపమన్నారు. సరే అన్నాను. నువ్వు పోటీకి వస్తావా అని అడగను, వస్తావు. ఒక్కటే కోరిక, ఆ ర్యాలీ పొడుగునా నా లారీకి ఎక్కడా కనబడకు.

ఉన్ని కోత అయిపోయింది. శుక్రవారం బస్సుకి కూబర్ పీడీ వస్తున్నాను. అక్కడ మాత్రం కనబడు.

నీ
లాయిడ్