దుప్పట్ల వెనక మనిషి

అక్టోబర్ 3, గురువారం

ఇల్వా ఫోన్ చేసింది. మా చెల్లెలి కూతురు. వీడియో గేములు తయారుచేసే ఆఫీసులో ఉద్యోగం. కొత్త గేమ్‌లో ఒక దొంగ ఎవరి కంటా పడకుండా కోటలోకి దూరాలట. సైనికుల గొంతులన్నీ దొరికాయి, బట్టలుతికే ముసలమ్మ గొంతే దొరకలేదు, నువ్వు రా పెద్దమ్మా అంది. బీట్‌దుంపల పొలంలో కలుపు తీయడానికి బడి మానేసిన దాన్ని, మైక్ ముందు ఏం చదువుతానే అన్నాను. చదివేదేం లేదు, కంగారుగా అరవడమే, నీకు కంగారు ఒకరు నేర్పాలా అని నవ్వింది.

ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో.

అక్టోబర్ 4, శుక్రవారం

దాల్చినచెక్క బన్నుల రోజు, ఊరంతా చేసుకునేదే. ఏటా లాగే చేసి, పై అంతస్తులో ఉండే ఎగోన్‌కీ, ఆయన భార్య మాయ్‌లిస్‌కీ పట్టుకెళ్ళాను. ఎగోన్ తలుపు సందులోంచే అందుకున్నాడు. ఆవిడ పడుకుంది సిగ్‌బ్రిట్, మళ్ళీ కలుద్దాం అన్నాడు. ఏటా కాఫీ తాగి వచ్చేదాన్ని. నామీద కోపం వచ్చిందా? నేనేం చేశాను?

పొయ్యి ఆపానో లేదోనని మెట్లు పరుగున దిగాను. ఆపే ఉంది.

అక్టోబర్ 9, బుధవారం

రికార్డింగ్. అక్కడ అందరూ బూట్లు విడిచి సాక్సులతో తిరుగుతున్నారు. నా సాక్సుకు బొటనవేలి దగ్గర చిల్లు. రెండో కాలితో కప్పుకుని నిలబడ్డాను.

ఆ కోటలో ఆయుధం పట్టని వాళ్ళూ ఉంటారట. వంటవాడు, తోటమాలి, నేను. గేమ్ ఆడేవాళ్ళు మమ్మల్ని కొట్టకూడదు, తప్పించుకుపోవాలి. మా కంట పడ్డారో, మేం అరుస్తాం, సైనికులు పరుగెత్తుకొస్తారు. నా మాటలు ఇవి: కావలివాళ్ళూ! ఇక్కడ ఒకడున్నాడు! దుప్పట్ల వెనక!

మొదట గొణిగాను. పక్కగదుల వాళ్ళకు ఇబ్బందేమో అన్నాను. ఈ గోడలు మందం పెద్దమ్మా, పైకప్పు ఎగిరిపోయేలా అరిచెయ్యి అంది ఇల్వా. అరిచాను. అద్దం అవతల అందరూ చప్పట్లు కొట్టారు. నా గొంతుకు చప్పట్లు!

బస్సులో కూడా నాలో నేనే నవ్వుకున్నాను. ఎవరైనా చూశారేమో.

అక్టోబర్ 17, గురువారం

కింద లాండ్రీ గదిలో గోడకు రోజులూ పూటలూ గడులుగా గీసిన పలక ఉంది. ఎవరి తాళం ఏ గడిలో పెడితే ఆ పూట మిషన్లు వాళ్ళవి. గురువారం పొద్దున నాది, ఏళ్ళుగా నాది. ఇవాళ వెళ్ళేసరికి మిషన్ లోపల వెచ్చగా, తడిగా ఉంది. పోయిన వారం కూడా ఇంతే. మా బిల్డింగ్‌లో ఇంకొకరి పూటలో బట్టలు ఉతకడం కంటే పెద్ద తప్పు లేదు.

మా బిల్డింగ్ సంఘం పెద్ద స్టూరెకు చెప్పాను. పట్టుకోండి సిగ్‌బ్రిట్, పట్టుకుని ఒక్క కేక వెయ్యండి, ఆ ఘనుడి ముఖం నేనూ చూస్తాను అన్నాడు.

అక్టోబర్ 24, గురువారం

ఇవాళ ఏమీ రాయను.

అక్టోబర్ 25, శుక్రవారం

రాసేస్తే గుండె బరువు తగ్గుతుందేమో.

నిన్న కావాలనే ముందుగా దిగాను. కాళ్ళకు ఎప్పుడూ వేసుకునే ఉన్ని చెప్పులే. చప్పుడైతే ఎవరికి ఇబ్బందో అని మెట్ల మీద అవే వేసుకుంటాను. బట్టలు ఆరేసే గదిలో తీగల నిండా దుప్పట్లు. నావి కావు. వాటి వెనక కాళ్ళు కనిపించాయి. మగవాడి కాళ్ళు. కదలకుండా.

నా నోట్లోంచి ఆ మాటలే వచ్చాయి. కావలివాళ్ళూ! ఇక్కడ ఒకడున్నాడు! దుప్పట్ల వెనక! సిగ్గుపడకుండా నిజం రాస్తాను, భయం ఒక్క క్షణమే. తరవాతదంతా చప్పట్ల కోసం అరిచిన అరుపే.

స్టూరె మంచు తోసే పార పట్టుకుని వచ్చాడు. వెనకాల ఇంకో ఇద్దరు. దుప్పటి తప్పించుకుని ఎగోన్ బయటికొచ్చాడు. చేతిలో తడి నైట్‌గౌను. మాయ్‌లిస్‌ది.

ఏమిటయ్యా ఎగోన్, నీ పూట సోమవారం కదా, గురువారం ఏమిటి ఈ దొంగచాటు అన్నాడు స్టూరె. ఎగోన్ అబద్ధం చెప్పలేని మనిషి. మాయ్‌లిస్ రోజూ పక్క తడిపేస్తోంది, నా ఒక్క పూట చాలడం లేదు, ఎవరికీ తెలియకూడదనుకున్నాను అన్నాడు. తనెవరో కూడా ఒక్కోసారి మరిచిపోతోంది అన్నాడు. అందరి ముందూ. నేల చూస్తూ. నేను పిలిచిన వాళ్ళందరి ముందూ.

స్టూరె పార కిందికి దించాడు. అయితే వృద్ధుల హోమ్‌లో చేర్పించాలి, నీ ఒక్కడి వల్ల ఏమవుతుంది అన్నాడు. ఎగోన్ ముఖం చూడలేకపోయాను. ఆయన భయమంతా ఆ మాటకే అని అప్పుడు అర్థమైంది.

నువ్వొస్తే చప్పుడు వినిపించదు సిగ్‌బ్రిట్, లేకపోతే పక్కకు తప్పుకునేవాణ్ణి అన్నాడు నాతో. నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండును.

అక్టోబర్ 31, గురువారం

మిషన్ పొడిగా ఉంది. పైన ఎగోన్ ఇంట్లో స్నానాల తొట్టిలో నీళ్ళు పడుతూనే ఉన్నాయి. చేత్తో ఉతుకుతున్నాడు. ఆయన కుడిభుజం పైకి లేవదు.

నవంబర్ 2, శనివారం

పోయినవాళ్ళకు దీపాలు పెట్టే రోజు, శ్మశానంలో మా ఆయనకు పెట్టాను. రెండు వరసల అవతల ఎగోన్ వాళ్ళమ్మకు దీపం వెలిగిస్తున్నాడు. చెట్టు వెనక్కి తప్పుకున్నాను. దాక్కోవాల్సింది నేనే ఇప్పుడు.

నవంబర్ 5, మంగళవారం

ఇల్వా గేమ్ చూపించింది. తెర మీద వంగిన నడుముతో ఒక ముసలమ్మ. అరిచింది, నా గొంతుతో. సైనికులొచ్చి ఆ దొంగను పొడిచేశారు.

ఇప్పుడేమవుతాడే అన్నాను. ఏముంది, మళ్ళీ మొదటి నుంచి ఆడతారు అంది.

ఎగోన్‌కు మళ్ళీ మొదటి నుంచి ఆడే వీల్లేదు. ఇల్వాకు అంతా చెప్పేసి ఏడ్చాను. ఆ అరుపు తీసెయ్యవే అని బతిమాలాను. తీసేస్తే గేమే లేదు పెద్దమ్మా అంది. తరవాత, ఆ ముసలమ్మ పని చేస్తూ కూనిరాగం తియ్యాలి, అది ఇంకా రికార్డ్ చెయ్యలేదు అంది. ఎందుకన్నాను. ఎటు నుంచి వస్తోందో దొంగకు తెలియడానికి, పాడుతున్నంతసేపూ గోడ వైపే తిరిగి ఉంటుంది, వాడు జారుకోవచ్చు అంది.

నవంబర్ 6, బుధవారం

దుంపల పొలంలో అమ్మ తీసే రాగమే తీశాను. పదాలు అమ్మకూ తెలియవు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హాయిగా ఉంది.

నవంబర్ 11, సోమవారం

ఎగోన్ తలుపు తట్టాను. లోపల అడుగులు ఆగిపోయాయి. తెరవలేదు. ఉత్తరాలు వేసే సందు దగ్గర వంగి చెప్పాను: గురువారం గడిలో తాళం నాదే ఉంటుంది కానీ నేను ఆలస్యంగా దిగుతాను, ఇక ప్రతి గురువారమూ అంతే. హోమ్ మాట ఇంకోసారి ఎత్తొద్దని స్టూరెకు గట్టిగా చెప్పి వచ్చాననీ అన్నాను.

లోపల మాయ్‌లిస్ అడుగుతోంది, ఎవరండీ ఆవిడ అని.

నవంబర్ 14, గురువారం

ఉన్ని చెప్పులు వదిలేసి చెక్క చెప్పులు వేసుకున్నాను. మెట్టు మెట్టుకూ టకటక. మొదటి మెట్టు నుంచే రాగం అందుకున్నాను.

కింద మిషన్ తిరుగుతోంది.

గోడ వైపు తిరిగి నిలబడి తువ్వాళ్ళు మడతపెట్టాను. మడిచినవే విప్పి మళ్ళీ మడిచాను. వెనక దుప్పట్లు కదిలాయి. రాగం ఆపలేదు.