రుక్సాండ నాటిన లైలాక్

రుక్సాండకు, నీ పింటిలియే ప్రేమతో రాసేది. ఇక్కడ నేనూ, మన పాప ఇలింకా, ఆవూ క్షేమం. నువ్వూ, నువ్వు కనిపెట్టుకుని ఉన్న ఆ ముసలమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం, కాఫీ పొట్లం ఆదివారం ఇటలీ నుంచి పార్సిళ్లు తెచ్చే బండిలో అందాయి. "మీ ఆవిడ బాగా చిక్కిపోయింది బావా" అని డ్రైవర్ నవ్వుతూ చెప్పాడు. అది నవ్వే సంగతా?

నువ్వు వాకిట్లో నాటిన ఊదాపూల లైలాక్ చెట్టు పూసిందా అని అడిగావు. విరగబూసింది. మొదలు చుట్టూ లేచిన పిలకలు తవ్వి తీసేసి, వాటిలో రెండింటిని పక్కింటి వర్వారా అత్తకిచ్చాను. పూత అయిపోగానే వాడిన గుత్తులు కత్తిరిస్తాను. ఆకులు రాలే కాలంలో మాత్రం కత్తెర ముట్టను. ఒకసారి అలా చేసి మొగ్గలన్నీ పోగొట్టి నీ చేత తిట్లు తిన్నాను కదా. పొద్దున్నే తలుపు తీస్తే ఇల్లంతా ఆ వాసనే. ఈ ఏడు అది నాకు సంతోషంగా లేదు.

అక్కడ నువ్వు నాటుకున్న పిలక ఇన్నేళ్లయినా ఎందుకు పూయలేదన్నావు. తప్పు ఎరువుదీ కాదు, నీ చేతిదీ కాదు. దానికి చలికాలమంతా గడ్డకట్టే చలి కావాలి. నిమ్మచెట్లు కాసే ఆ సముద్రం ఒడ్డున అది ఆకులు వేస్తూ బతుకుతుంది, అంతే. పూస్తుందని ఆశ పెట్టుకోకు.

అక్కడ ఉండనిచ్చే కాగితాలు చేతికి రాకుండా ఊరికొస్తే మళ్లీ ఆ దేశంలోకి రానివ్వరు, ఇంకో రెండేళ్లు ఓర్చుకో అన్నావు. నేను ఓర్చుకుంటాను. ఇలింకా నా గురించి అడుగుతోందా అని కూడా రాశావు. దానికి జవాబు రాయలేకే ఇంతసేపూ చెట్టు గురించి రాశాను. అడగటం లేదు రుక్సాండా.

ఈస్టర్ వెళ్లిన వారానికి పెద్దల పండుగ వచ్చింది. ఎప్పటిలాగే నీ చెట్టు కొమ్మలు కోసుకుని సమాధుల దగ్గరికి వెళ్లాం. మా నాన్న పేరున, మీ అమ్మ పేరున కప్పుల్లో వైను పోసి, రొట్టె, లైలాక్ రెమ్మ పెట్టి, కప్పులతో సహా పంచుతూ ఉన్నాను. నువ్వు పంపిన నీలం కప్పును ఇలింకా సంచిలో వేసుకొచ్చిందని నాకు తెలియదు. అందులో వైను పోసి, రెమ్మ పెట్టి, వర్వారా అత్తకిచ్చింది.

"తీసుకో మామ్మా, మా అమ్మ ఆత్మశాంతికి."

చుట్టుపక్కల తింటున్నవాళ్లు ఆగిపోయారు. అత్త నావైపు చూసింది. మీ అమ్మ బతికే ఉందే అని నేననాలి. నేను చేతిలోని రొట్టె పక్కవాళ్లకి పంచుతూ ఉండిపోయాను. పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, "దేవుడు కరుణించనీ" అని తాగేసింది.

ఇంటికొచ్చాక, ఎందుకలా చేశావని అడిగాను.

"అమ్మ చెట్టు పూలు ఏటా అక్కడికే తీసుకెళ్తాం కదా నాన్నా."

"అవి పోయినవాళ్లకి. అమ్మ క్రిస్మస్‌కి ఫోన్లో మాట్లాడింది కదే."

"ఎవరో ఆవిడ ఏడ్చింది. అంతేగా."

దాని మాటలో కోపం లేదు, అలక లేదు. ఉంటే బాగుండేది. నువ్వు వెళ్లేనాటికి దానికి మూడేళ్లు, నీ మొహం గుర్తులేదు. ఇంతకాలం నీకు చెప్పకుండా దాచింది ఇదే. రెండేళ్ల తర్వాత నువ్వొచ్చినా అది ఎవరో అతిథి వచ్చిందనుకుంటుంది. ఇక నేను చెప్పి నమ్మించగలనన్న ధైర్యం నాకు లేదు.

మర్నాడు వర్వారా అత్త ఇంటికి వెళ్లి, కప్పు తిరిగిచ్చెయ్యమన్నాను.

"ఆత్మ పేరున ఇచ్చింది వెనక్కి తీసుకోరు పింటిలియే. నీకు తెలీదూ?" అంది.

తెలుసు. ఊళ్లో పోయినవాళ్ల పేరున వచ్చిన కప్పులన్నీ ఆవిడ అరలో వరసగా పెట్టి ఉన్నాయి. నీది మా నాన్న కప్పు పక్కన ఉంది.

ఇట్లు,
ఇలింకా తండ్రి, నీ భర్త
పింటిలియే