హద్దు పెంచిన రోజు

బచేలి,
ఆగస్టు 2006

చిన్నత్తా,

నీ గృహప్రవేశానికి బయలుదేరి, బస్టాండు దాకా వచ్చి వెనక్కి తిరిగాను. కోప్పడకుండా ఇది చదువు.

మా గని కంపెనీ మెయిల్ సర్వర్ ఆగిపోయిందని కబురొచ్చింది. దాన్ని చూసుకునేది నేనే. అందరి మెయిళ్లూ దాచే డేటాబేసుకు ఒక హద్దు ఉంటుంది. అది నిండితే మొత్తం మూతపడుతుంది. సరిగ్గా అప్పుడే గని డ్రైవర్ రామలింగం కాలు ట్రక్కు కింద నలిగింది. ఎక్స్‌రేలు విశాఖలో ఎముకల డాక్టరుకు మెయిల్లో వెళ్తేగాని, కాలు తీయాలో వద్దో తేలదు.

"పాత మెయిళ్లన్నీ తీసెయ్," అన్నారు మా మేనేజర్ సుందరరావుగారు.

"తీసినా ఖాళీ జాగా లోపలే ఉండిపోతుంది, ఫైలు చిన్నదవదు సార్. ముందు జాగ్రత్తకు కాపీ తీసుకుని హద్దు పెంచుతాను," అన్నాను.

కాపీ అయ్యేదాకా రామలింగం భార్య బుల్లమ్మ మా ఆఫీసు గుమ్మంలోనే కూర్చుంది. "మా ఆయన కాలు ఉంటదా, పోతదా? ఏందో చెప్పు బిడ్డా," అని అడుగుతూనే ఉంది.

హద్దు పెంచాను. సర్వర్ తెరుచుకుంది అత్తా! ఎక్స్‌రేలు వెళ్లాయి. "కాలు తీయొద్దు, ఇక్కడికి పంపండి," అని జవాబొచ్చింది. బుల్లమ్మ నన్ను ఎత్తుకున్నంత పని చేసింది.

మళ్లీ నిండకుండా ఇప్పుడు ఒక్కొక్కరి మెయిల్‌బాక్సుకూ హద్దు పెట్టాను. సుందరరావుగారు తనకు కాస్త ఎక్కువ ఇమ్మన్నారు. "అందరికీ ఒకటే సార్," అన్నాను. నవ్వి సరేనన్నారు.

ఈ ఉదయం విశాఖ నుంచి బుల్లమ్మ ఫోన్ చేసింది. "కాలివేళ్లు కదిపిండు బిడ్డా!" అంది. ఆఫీసంతా వినేలా అరిచి చెప్పాను.

ఆదివారం వస్తున్నాను. కొత్తింట్లో నా విస్తరి వేసి ఉంచు.

నీ మేనకోడలు