హిట్ పక్కన ఎస్

జూన్ 7, శనివారం

ఈ రోజు నవ్య మేడం టెన్సులు మొదలుపెట్టింది. మా టవర్‌లో హౌస్‌కీపింగ్ చేసే ఆడవాళ్ళకు శనివారాలు ట్రైనింగ్ రూమ్‌లో ఇంగ్లీషు చెబుతుంది. పై అంతస్తు కంపెనీలో ఇంజనీరు. అనంతపురం పిల్ల. రోజూ చేసే పనికి ప్రెజెంట్, అయిపోయిన పనికి పాస్ట్ అంది. She cleans. She cleaned. అంతవరకు బాగానే ఉంది. తరువాత బోర్డు మీద hit అని రాసి, ఇది మొండి మాట, పాస్ట్‌లో కూడా మారదు అంది. నిన్న కొట్టినవాడికి hit. రోజూ కొట్టేవాడికైతే పక్కన ఒక s. He hits. తేడా అంతే.

గంతేనా మేడం, మా లింగమూర్తి సార్‌కు ఒక్క s ఏడ సరిపోతది, వరస పెట్టాలె అని అఖిల వెనక నుంచి అంది. అందరూ నవ్వారు. లింగమూర్తి మా సూపర్‌వైజర్. నేను నవ్వలేదు. తలుపు వేసి ఉందా లేదా అని చూశాను.

జూన్ 9, సోమవారం

అఖిల కూతురికి జ్వరం. అందుకే ఆలస్యంగా వచ్చింది. లింగమూర్తి ఆమెను బేస్‌మెంట్‌లోని చెత్త గది దగ్గరకు రమ్మన్నాడు. అక్కడ కెమెరా లేదు. వైపర్ కర్రతో పిక్కల మీద కొట్టాడు. కింద పడితే జుట్టు పట్టి లేపి చెంప మీద కొట్టాడు. చెవిలోంచి రక్తం వచ్చింది. నేను బకెట్ పట్టుకుని పక్కనే ఉన్నాను. వద్దు సార్ అన్నాను. మెల్లగానే అన్నాను, అయినా విన్నాడు. ఏందే నర్సమ్మా, నీకు గూడ కావాల్నా అన్నాడు.

ఇది కొత్త కాదు. వారం తిరిగేలోగా ఎవరో ఒకరి వంతు.

జూన్ 10, మంగళవారం

ఉపవాసం. దీపం ముందు కూర్చుంటే స్వామి పేరు నోట్లోకి రాలేదు. కర్ర చప్పుడు వచ్చింది.

జూన్ 12, గురువారం

ఫిర్యాదు చేయాలంటే బిల్డింగ్ ఆఫీసుకు ఇంగ్లీషులో మెయిల్ పెట్టాలట. నర్సమ్మక్కా, మా అందర్ల నువ్వే పది చదివినవ్, నువ్వే రాయి, పేరు నాది పెట్టు అంది అఖిల. భయం లేదా అన్నాను. పని పోతే ఇంకో టవర్ చూస్కుంట, చెవి పోతే ఏడ తెచ్చుకుంట అంది.

మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో రాశాను. He hits Akhila. He hits us. He hits again. మూడోది 'మళ్ళీ కొడతాడు' అని. మన మాటలో 'కొడతాడు' అంటే రోజూ కొడతాడనీ వస్తుంది, రేపు కొడతాడనీ వస్తుంది. ఇంగ్లీషులోనూ అంతే అనుకున్నాను. పంపే ముందు నవ్య మేడంకు చూపించాలి.

జూన్ 14, శనివారం

మేడం చదివి కళ్ళు తుడుచుకుంది. బాగా రాసినారు అమ్మా, గ్రామర్ ఒక్కటి దిద్దుతా, తప్పులుంటే వాళ్ళు సీరియస్‌గా తీసుకోరు అంది. ఎప్పుడు కొట్టినాడు అని అడిగింది. సోమవారం అన్నాను. అయిపోయింది కదమ్మా, పాస్ట్ రావాల అని s తీసేసింది. He hit Akhila on Monday. రెండో వాక్యంలో us అంటే ఎవరెవరో తెలీదు, వద్దు అంది. మూడోది అర్థం కావట్లేదని కొట్టేసింది.

రోజూ కొడతాడు మేడం అన్నాను. ఆమె టైపు చేస్తూ ఉంది. ఇంకోసారి అనలేదు. మెయిల్ వెళ్ళిపోయింది.

జూన్ 17, మంగళవారం

జవాబు వచ్చింది. ఒక్కసారి జరిగిన ఘటన అట. వార్నింగ్ ఇచ్చారట. Closed అట.

మధ్యాహ్నం లింగమూర్తి మా మెయిల్ ప్రింటు తెచ్చి అందరి ముందు చదివాడు. మండే నాడు కొట్టిన్నని మీరే రాసిన్రు, మరి ట్యూజ్‌డే సంగతి ఏంది, రాయలేదేమే అని అఖిలను అడిగాడు. ఆమె తల దించలేదు.

జూన్ 18, బుధవారం

ఈ రోజు కొట్టలేదు. అదే భయం.

జూన్ 19, గురువారం

చెత్త గదికి ఇనుప తలుపు. అఖిల సంచులు లోపల పెట్టి, తలుపు చౌకట్టు మీద చేయి ఆనించి వంగింది. లింగమూర్తి ఆ చేతిని చూశాడు. చూసి తలుపు మూశాడు. తెరిచి, మళ్ళీ మూశాడు. చెరుకు విరిచినట్టు చప్పుడైంది. ఆమె అరుపు ర్యాంపు మీద కార్ల దాకా వెళ్ళింది. యాక్సిడెంట్, యాక్సిడెంట్ అని ఆయనే ముందు అరిచాడు. నా చీర కొంగు చింపి వేళ్ళకు చుట్టాను. ఏ వేలు ఎటు ఉందో తెలియలేదు.

జూన్ 20, శుక్రవారం

దవాఖానలో రెండు వేళ్ళు తీసేశారు. కుడి చెయ్యి. నవ్య మేడం వచ్చి మంచం పక్కన కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ s నేను తీయకుండా ఉండాల్సింది అంది. ఏడ్వకున్రి మేడం, గ్రామర్ మంచిగనే చెప్పిన్రు అంది అఖిల. వెక్కిరించిందో, ఓదార్చిందో నాకు తెలియలేదు.

గాలికి తలుపు మూసుకుందని లింగమూర్తి ఆఫీసులో చెప్పాడట. బేస్‌మెంట్‌లో గాలి! నమ్మారు.

జూన్ 23, సోమవారం

పొద్దున ఖాజాగూడలో నేనుండే గదిలో దీపం పెట్టాను. శ్లోకం మొత్తం తప్పు లేకుండా వచ్చింది. మనసు చల్లగా ఉంది.

బేస్‌మెంట్‌కు దిగేసరికి అఖిల బదులు వచ్చిన కొత్తామె జుట్టు లింగమూర్తి చేతిలో ఉంది. వైపర్ నా చేతిలో ఉంది. మోకాళ్ళ వెనక కొట్టాను. కూలబడ్డాడు. జుట్టు పట్టిన చేతి మీద కొట్టాను. ఏందే అన్నాడు. తరువాత అక్కా అన్నాడు. తరువాత అమ్మా అన్నాడు. నోటి మీద కొట్టాను. కర్ర విరిగింది. విరిగిన ముక్కతో కొట్టాను. ఇడ్వు పెద్దమ్మా, సస్తడు అని సెక్యూరిటీ రామన్న వెనక నుంచి నన్ను గట్టిగా పట్టుకున్నాడు. నేల మీద రక్తం, పళ్ళు. నేను అప్పుడే తుడిచిన నేల కాదు కదా అని చూసుకున్నాను.

జూన్ 24, మంగళవారం

స్టేషన్‌లో జరిగింది రాసిమ్మన్నారు. I hit him అని రాశాను. కోపంల ఒక్కసారి కొట్టిన అని తెలుగుల రాయమ్మా, నీకే మంచిది అని ఎస్సై నెమ్మదిగా చెప్పాడు. మార్చలేదు. I అంటే hit పక్కన s రాదు. నిన్నటిదో, రోజూదో చూసి ఎవరూ చెప్పలేరు.

లింగమూర్తి మళ్ళీ డ్యూటీకి ఎప్పుడు వస్తాడని మాత్రం అడిగాను.