మహాపురుషుడికి గుర్రం ఉండాలట

1955 ఆగస్టు 1, సోమవారం

రాయుడుగారు కబురు పెట్టాడు. రైసుమిల్లు అరుగు మీద పడక్కుర్చీ, పక్కన తాంబూలం పళ్ళెం. నన్ను కూర్చోమనలేదు. బడి కమిటీకి అధ్యక్షుడు కదా... బడిపంతుల్ని కూర్చోమంటే అధ్యక్షత ఎక్కడ అరిగిపోతుందోనని.

పదిహేనో తారీకుకి ఉపన్యాసం రాసివ్వాలట. ఒక మహాపురుషుడి మీద.

"ఎవరి మీదండీ?"

"ఎవరైనా ఒకటే మాస్టారూ. గుర్రం ఎక్కినవాడైతే బావుంటుంది. పటంలో నిండుగా ఉంటాడు."

తర్వాత గొంతు తగ్గించి — "ఫ్రెంచి దొరలున్నప్పుడు వాళ్ళ జులై పండక్కి ఆ ఫ్రెంచి చక్రవర్తి మీద రాసిచ్చారే, అది దివ్యంగా ఉంది. పేరు మార్చి తెలుగు చేసెయ్యండి. కష్టపడకండి."

నిజమే. ఆయనా గుర్రం మీదే ఉండేవాడు.

ఆగస్టు 2

పాత ఉపన్యాసం బయటికి తీశాను. దీక్ష, త్యాగం, సింహగర్జన, చిన్ననాటి పేదరికం, తల్లి కన్నీరు. ఫ్రెంచివాడికి సరిపోయాయి, మనవాడికీ సరిపోతాయి. రేపు ఇంకో దేశంవాడు వచ్చి కూర్చున్నా సరిపోతాయి. సంతలో కుప్పపోసి అమ్మే చొక్కాలు — ఎవరి కొలతా కాదు, అందరికీ పడతాయి.

ఆగస్టు 4, గురువారం

బడి హాల్లో పటాలు మార్చారు. మేకులు పాతవే. పాత పటాలు పెద్దవి. కొత్తవాటి చుట్టూ గోడ తెల్లగా, వెలవెలబోతూ...

పద్దెనిమిదేళ్ళు ఈ హాల్లోనే చెప్పాను — గొర్రెలు కాసుకునే ఫ్రెంచి పిల్ల కత్తిపట్టి దేశాన్ని కాపాడిందని. పిల్లలు ఏడ్చేవాళ్ళు. ఇప్పుడు గుర్రమెక్కి కత్తిదూసిన మన రాణిగారి కథ చెబుతున్నాను. సరిగ్గా అక్కడే ఏడుస్తున్నారు. ఎక్కడ ఏడవాలో నేనే చూపిస్తాను. గొంతు దించుతాను, కిటికీలోంచి చూస్తాను. పనితనం తెలిసినవాణ్ణి.

మహాపురుషులంటే జనానికి ఎందుకంత ఇష్టమో నాకు తెలుసు. చచ్చిపోయారు కాబట్టి. వచ్చి మన గుమ్మంలో నిలబడరు. "మరి నువ్వేం చేశావురా?" అని అడగరు. దండ వేస్తే వేయించుకుంటారు, అంతే.

ఆగస్టు 6, శనివారం

రాయుడు ఇంట్లో కమిటీ. పదిహేనున వేదిక మీద శాలువాలు కప్పించుకోబోయే 'పోరాటవీరుల' జాబితా చదివారు. మొదటి పేరు రాయుడిదే! నిరుడు ఊళ్ళో ఫ్రెంచి జెండా దిగేదాకా కోటు తొడుక్కుని దొరల పక్కన నిలబడ్డ మనిషి. రెండోది బావమరిది. దర్జీ అప్పన్న పేరు లేదు.

అడిగాను. నోరు ఊరుకోక, రాయుడినే.

"కనకాలపేట అప్పన్నేనా? వాడి చెయ్యి చూస్తే పిల్లలు జడుసుకుంటారండీ. అయినా వేదికెక్కి ఎలా నిలబడాలో వాడికేం తెలుస్తుంది?"

అందరూ నవ్వారు. నేను కూడా... నవ్వాననే అనుకుంటాను.

ఆగస్టు 7

ఇక్కడైనా రాసుకోవాలి. ఈ పుస్తకం ఎవరూ చూడరు.

మూడేళ్ళయింది. అప్పుడు ఊళ్ళోవాళ్ళ అర్జీలు ఫ్రెంచిలో రాసిపెట్టేది నేనే. రాయుడు తెలుగులో చెప్పాడు, నేను ఫ్రెంచిలో పెట్టాను. ఇండియా జెండాలు కుడుతున్నవాళ్ళు, దాస్తున్నవాళ్ళు — ఆరు పేర్లు, పోలీసులకి. మొదటిది అప్పన్న. "అప్పన్న అనే దర్జీ" అన్నాడు రాయుడు. అంతే అన్నాడు. "అత్యంత ప్రమాదకరమైన" అన్న మాట నేను చేర్చాను. ఎవరూ చేర్చమనలేదు. వాక్యం చప్పగా ఉందనిపించింది.

వారం తిరక్కుండా పట్టుకెళ్ళారు. ఐదుగురిని తిట్టి వదిలేశారు. 'అత్యంత ప్రమాదకరమైన' వాడికి మాత్రం కుడిచేతి వేళ్ళు విరగ్గొట్టారు.

చిత్తుప్రతి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఎందుకు చింపలేదో... దస్తూరీ బాగా కుదిరిందని కాబోలు. ఛీ.

ఆగస్టు 8, సోమవారం

కనకాలపేట వెళ్ళాను. చొక్కా కుట్టించుకునే నెపంతో. అప్పన్న గుడ్డ మీద ఎడంచేత్తో సుద్దగీతలు గీస్తున్నాడు. మిషను తొక్కేది ఇప్పుడు వాళ్ళావిడ నూకాలు.

"రండి మాస్టారండీ... ఆయ్, ఆ బల్ల మీద కూర్చోండి."

కూర్చున్నాను. ఏ మహానుభావుణ్ణి చూసి అంత తెగించావు అప్పన్నా, అని అడిగాను. ఉపన్యాసంలోకి పనికొస్తుందని కాదు... అదీ ఉంది.

"ఎవర్నీ చూసి కాదండి. ఎవరో గుడ్డ తెచ్చి జెండాలు కుట్టమన్నారు. సగంలో ఉండగా పోలీసోళ్ళు వచ్చి ఆపెయ్యమన్నారు. కత్తిరించేసిన గుడ్డండి, ఎలా ఆపుతాం? పాడైపోదేటండీ?"

అంతేనట! తల్లి కన్నీరు లేదు, సింహగర్జన లేదు. దీన్ని ఏ ఉపన్యాసంలో ఇరికించను?

చెప్పేశాను. ఆ కాగితం రాసింది నేనని. ఆ ఒక్క మాట చేర్చింది కూడా నేనేనని. మిషను ఆగింది. అప్పన్న సుద్దముక్క కింద పెట్టాడు. తన చేతివైపైనా చూసుకోలేదు.

నూకాలే అంది — "మా గుమ్మంలో చెప్పేసి బరువు దించుకుని పోదామని వచ్చారా? ఇక్కడెవరున్నారండీ వినడానికి? ఊరందర్లో చెప్పండి. పదిహేనో తారీకు ఉంది కదా."

కొలతలు తీసుకోలేదు. పొమ్మనీ అనలేదు. నేనే లేచి వచ్చేశాను.

ఆగస్టు 9

సుభద్రకి చెప్పాను. ఇరవయ్యేళ్ళు కాపురం చేసిన మనిషి నన్ను దారినపోయేవాణ్ణి చూసినట్టు చూసింది. "బయటపెడితే ఉద్యోగం ఊడుతుంది" అంది. మళ్ళీ తనే, "ఆ మాట ఎందుకు చేర్చారండీ?"

వాక్యం కోసం అని చెప్పలేకపోయాను.

ఆగస్టు 12, శుక్రవారం

ఉపన్యాసం ఇచ్చొచ్చాను. రాయుడు నా ముందే పైకి చదివాడు. 'కన్నతల్లి కన్నీరు తుడిచిన కరవాలం' దగ్గర కళ్ళు నిండాయి. నిజం కన్నీళ్ళే. కండువాతో ఒత్తుకున్నాడు.

"ఈయనకీ నాకూ ఎక్కడో పోలిక ఉందండీ మాస్టారూ."

నటన కాదు. అదే రోత. ఏ పటం ముందు నిలబడ్డా ఈ మనిషికి తన మొహమే కనబడుతుంది, అదీ అందంగా.

ఆగస్టు 14

సుభద్ర నా పంచె ఉతికి గంజి పెట్టింది. రేపటికని మడతపెట్టి ఉంచింది.

ఆగస్టు 15, సోమవారం

ఇంకా పంచె కూడా మార్చుకోలేదు. ముందు ఇది రాస్తాను.

గోదావరి ఒడ్డున పందిరి, మైకు. గుర్రం మీద మహావీరుడు. దండల్లో గుర్రం తల మునిగిపోయింది. రాయుడు చదివాడు. నేను ఏడవమన్న చోటే జనం ఏడ్చారు. శాలువాలు అయ్యాయి. చివర్న వందన సమర్పణ — అది నా వంతు.

కాగితం విప్పాను. "ముందు ఆరు పేర్లు చదువుతాను" అన్నాను.

"కనకాలపేట దర్జీ అప్పన్న." చప్పట్లు. రెండో పేరు. ఇంకా గట్టిగా చప్పట్లు. వీరుల జాబితా అనుకున్నారు వెధవలు! రాయుడు కూడా కొట్టాడు. మూడో పేరు దగ్గర ఆయన చేతులు ఆగిపోయాయి. గుర్తుపట్టాడు. ఆరూ చదివాను.

"ఇది మూడేళ్ళ కింద పోలీసులకి పంపిన కాగితం. చెప్పింది రాయుడుగారు. రాసింది నేను. అప్పన్న పేరు ముందు 'అత్యంత ప్రమాదకరమైన' అన్న మాట ఆయన చెప్పలేదు, నేను చేర్చాను. దానికే అతని వేళ్ళు విరిగాయి."

వెనకెక్కడో ఒకడు అలవాటుకొద్దీ చప్పట్లు కొట్టి, మానుకున్నాడు.

రాయుడు లేచొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. ఎంత మెత్తటి చెయ్యి! "మాస్టారికి నాలుగు రోజులుగా జ్వరం. తప్పు మాదే, పాపం ఎండలో నిలబెట్టాం" అని మైకులో అన్నాడు. వెంటనే జాతీయగీతం అందుకోమని సైగ చేశాడు. పాట మొదలైతే ఎవడు మాట్లాడతాడు? అందరూ లేచారు. నేనూ నిటారుగా నిలబడ్డాను.

పందిరి చివర అప్పన్న. పాట అయ్యేదాకా ఉండి, వెళ్ళిపోయాడు. నావైపు చూశాడో లేదో.

ఆగస్టు 16

ఎవరూ రాలేదు. సుభద్ర నూతి దగ్గరికి వెళితే ఆడవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారట. "మాస్టారికి జ్వరమంట కదా?" అన్నారట. లేదంది. మళ్ళీ అడిగారట. మళ్ళీ లేదంది.

ఆగస్టు 17, బుధవారం

రాయుడి గుమాస్తా కాగితం పట్టుకొచ్చాడు. 'జ్వరతీవ్రత వల్ల మతి చలించి పలికిన మాటలు.' సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది. శుక్రవారం దాకా గడువు. భాష అధ్వాన్నం, మూడు అక్షరదోషాలు. దిద్దబోయాను! కలం తీసి కూడా! అప్పుడు తెలిసింది నేనెలాంటివాణ్ణో.

సాయంత్రం బజార్లో నూకాలు కనబడింది. కావాలనే ఎదురెళ్ళాను.

"చెప్పారు. సరే. ఇంకేం కావాలండీ? మీకూ ఓ శాలువా కప్పాలా?"

బెండకాయలు ఏరుకుంటూనే అంది. తలెత్తలేదు.

సరిగ్గా అదే కావలసి వెళ్ళాను. ఆవిడకెలా తెలిసిందో.

ఆగస్టు 18, గురువారం

వ్యాసం రాయమన్నాను — 'నాకు ఆదర్శమైన మహాపురుషుడు.' పైనుంచి వచ్చిన అంశం. ఒక్కరూ కలం ముట్టలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. రోజూ అగ్రహారం నుంచి నడిచొచ్చే రత్నం లేచి నిలబడింది.

"మాస్టారండీ, ఆ కాగితం రాశారు కాబట్టి మీరు చెడ్డోరా? చెప్పేశారు కాబట్టి మంచోరా?"

"కూర్చో."

కూర్చోలేదు. "మా నాన్న ఒకటంటాడండి, మా అమ్మ ఇంకోటంటదండి. ఇద్దరూ దెబ్బలాడుకుని మొన్న అన్నాలు కూడా తినలేదు. మీరు చెప్పండి."

ఇన్నేళ్ళలో ఈ పిల్లలు నన్ను అడిగినవాటికల్లా జవాబు పుస్తకంలో ఉండేది.

"నీకేమనిపిస్తే అదే రాయి" అన్నాను.

కూర్చుని మొదలెట్టింది. పక్కపిల్ల తొంగిచూసి తనూ మొదలెట్టింది. తర్వాత వరసగా తలలన్నీ వంగాయి. గంట కొట్టినా లేవలేదు.

పుస్తకాల కట్ట ఎదురుగా ఉంది, దాని కింద గుమాస్తా తెచ్చిన కాగితం, సంతకం లేకుండా. దిద్దాలి. ఇంకా తాడు విప్పలేదు.