కాశింబీ తాలీంకు తిరిగి వచ్చిన శుక్రవారం

పూతలపట్టు

నా బిడ్డ జులేఖాకు,

అమ్మ సలాం, దువా. అల్లా దయవల్ల ఇక్కడ నేను, మీ నాయన, మీ తమ్ముడు ఇలియాసు బాగానే ఉన్నాము. ఆంబూరులో నువ్వు, అల్లుడు, పిల్లలు క్షేమమని నీ ఉత్తరంలో చదువుకున్నాను. ఫోనులో అమ్మ దొరకడం లేదని కాగితం కొని రాశానన్నావు. నీ చేతిరాత చూసి చాలా ఏళ్ళయింది.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను. మీ నాయన మోకాలు కొంచెం నయం. దూది ఏకే మిషను దగ్గర ఎక్కువసేపు నిలబడలేడు కాబట్టి ఇంట్లోనే కూర్చుని పరుపులు కుడుతున్నాడు. మీ తమ్ముడు మొన్న అలిపిరి దగ్గర ఒక లాడ్జికి ఇరవై పరుపులు వేసి వచ్చాడు. వాడికి పిల్లను చూస్తున్నారా అని అడిగావు. ఇంకా లేదు.

శుక్రవారం తాలీం జరుగుతోందా, నువ్వే చదువుతున్నావా అని అడిగావు. జరుగుతోంది. పద్దెనిమిదేళ్ళలో కరోనా నెలలు తప్ప ఎప్పుడూ ఆగలేదు. సాయంత్రం అసర్ నమాజు కాగానే మన వీధి సాబిరా వాళ్ళ ముందుగదిలో చాప పరుస్తారు. ఒకరు దీన్ పుస్తకం చదువుతుంటే విని నేర్చుకోవడానికి పది పన్నెండు మంది ఆడవాళ్ళు వస్తారు. చదివేది మాత్రం నేను కాదు, సాబిరా.

నాకు వినపడడం లేదు జులేఖా. చలికాలంలో జ్వరం వచ్చింది కదా, అది తగ్గాక ముందు ఎడమ చెవి పోయింది, వారం తిరక్కుండా కుడిది. చిత్తూరులో డాక్టరుకు చూపించాము. నరం దెబ్బతిన్నదని, చెవికి మిషను పెట్టినా మాట తెలియకపోవచ్చని కాగితం మీద రాసి చూపించాడు. నువ్వు ఫోను చేసినప్పుడల్లా ఇలియాసు అమ్మ నమాజులో ఉంది, అంగడికి పోయింది అన్నది నేను చెప్పమంటేనే. వాడి మీద కోపం పెట్టుకోవద్దు. నీకు చెబితే నువ్వు ఏడుస్తావు, ఆ ఏడుపు నాకు వినపడదు అనుకున్నాను.

నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. అన్నం తింటాను, పరుపులకు దూది సర్దుతాను, నమాజు చేస్తాను. అన్నీ ఇంకెవరో చేస్తున్నట్టు ఉంటుంది.

రెండు నెలలు ఎవరికీ చెప్పకుండానే తాలీంలో చదివాను. నా గొంతు నాకు వినపడకపోయినా అక్షరాలు కనపడతాయి కదా. ఒక శుక్రవారం సాబిరా ఏదో అడిగింది. నేను తల ఊపి పేజీ తిప్పాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఆ రాత్రి సాబిరా మన ఇంటికి వచ్చి పాత నోటుపుస్తకంలో రాసి చూపించింది. కొత్తగా వచ్చిన ఒక కోడలి కోసం, నీళ్ళు లేనప్పుడు నమాజుకు ముందు మట్టితో చేసుకునే శుద్ధి, తయమ్ముం, ఎలా చేయాలో చెప్పమని అడిగిందట. పుస్తకం ఆమె చేతికిచ్చేసి, ఆ తర్వాత నాలుగు శుక్రవారాలు నేను పోలేదు. వినపడని మనిషికి తాలీంతో ఏం పని అనుకున్నాను.

ఇన్నేళ్ళూ నీ దగ్గర దాచిన మాట ఒకటుంది.

తాలీం మొదలుకాకముందు మన వీధిలో ఆడమనిషి చనిపోతే చివరి స్నానం చేయించడానికి చిత్తూరు నుంచి ఎవరో ఒకరు రావాల్సి వచ్చేది. మీ జేజి పొద్దున పోతే, స్నానం చేయించే మనిషి కోసం సాయంత్రం దాకా కూర్చున్నాము. ఇప్పుడు మన వాళ్ళకు మనమే చేసుకుంటున్నాము. అది ఒక్కరోజులో వచ్చింది కాదు. వారం వారం కూర్చుని, మరిచిపోయి, మళ్ళీ విని నేర్చుకున్నదే. అదంతా నా వల్లనే అని నాకు గర్వం పట్టింది.

ఐరాల రోడ్డులో ఉండే కాశింబీ నీకు గుర్తుంటుంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసేది. తెల్లవారుజామునే పోయి, పని దిగి నేరుగా తాలీంకు వచ్చి, గోడకు ఆనుకుని నిద్రపోయేది. మూడేళ్ళు అంతే. ఆరేళ్ళ కిందట ఒకరోజు అందరి ముందు ఆమెను లేపాను.

"నిద్రపోయేదానికి ఈడికెందుకు వస్తావు? ఇంట్లోనే పడుకోరాదా?" అన్నాను.

ఆమె ముసుగు సర్దుకుంది. "ఆయన పోయినకాడి నించి ఇంట్లో నిద్ర పట్టదక్కా. ఈడ నీ గొంతు వింటా ఉంటే పడతాది."

"ఇది పండుకునే చోటు కాదు" అన్నాను. ఆమె లేచి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. ఆమె ఊరు మారిందని నీకు చెప్పాను. అది అబద్ధం.

ఆరోజు నేను చదివింది ఏమిటో తెలుసా? అల్లాను తలుచుకునేవాళ్ళు కూర్చున్న చోటికి దైవదూతలు వస్తారని. వీళ్ళలో ఒకడు ఏదో పనిమీద వచ్చి ఊరికే కూర్చున్నాడని ఆ దూతలు చెబితే, వీళ్ళ పక్కన కూర్చున్నవాడినీ క్షమించానని అల్లా అంటాడని. ఆ మాట చదివిన నోటితోనే ఆమెను పొమ్మన్నాను.

ఐదో శుక్రవారం ఆమె ఇంటికి పోయాను. జుట్టంతా నెరిసిపోయింది. వాకిట్లో నిలబడే చెప్పాను. "తప్పు నేను చేసినాను కాశింబీ. నిన్ను పొమ్మనేదానికి నేనెవురు? ఇప్పుడు నా చెవులు ఇనపడవు. మాఫ్ చెయ్యి."

ఆమె చాలాసేపు మాట్లాడింది. పెదవులు కదలడం చూస్తూ నిలబడ్డాను. తిట్టిందో, క్షమించిందో తెలియదు. రాసివ్వమందామంటే ఆమెకు చదువు రాదు. చివరికి తలుపు వేసుకుంది. మెల్లగా వేసిందో గట్టిగా వేసిందో కూడా నాకు తెలియలేదు. అక్కడి నుంచి తాలీంకు పోయి అందరికన్నా వెనక కూర్చున్నాను. ఆ తర్వాతి వారమూ పోయాను.

పోయిన శుక్రవారం కాశింబీ వచ్చింది. నన్ను పలకరించలేదు. నా పక్కనే గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. సాబిరా చదువుతోంది. నేను ఊరికే కూర్చున్నాను. కాసేపటికి నా మోచేతి కింద ఒక చెయ్యి తగిలింది. కాశింబీ నా చేతిని పైకెత్తింది. చూస్తే అందరూ దువాకు చేతులెత్తి ఉన్నారు. నేనూ ఎత్తాను. ఏం అడుగుతున్నారో నాకు తెలియదు. ఆమీన్ అనాల్సిన ప్రతిచోటా ఆమె నా మోచేతిని ఒకసారి నొక్కింది. నేను అన్నాను.

మనసు తేలికపడిందా అంటే చెప్పలేను. ఏమీ అనిపించలేదు. కానీ వచ్చే శుక్రవారం పోతాను.

నువ్వు పరిగెత్తుకుని రావద్దు. పిల్లల పరీక్షలు అయ్యాక రా, అందాకా ఉత్తరం రాయి. మీ వీధిలోనూ ఆడవాళ్ళ తాలీం ఉందని, ఇంటి పనితో అలిసిపోయి పోలేకపోతున్నానని రాశావు. అలిసిపోయినా పో తల్లీ. నిద్ర వస్తే అక్కడే నిద్రపో. ఎవరైనా ఏమన్నా అంటే మా అమ్మ పొమ్మంది అని చెప్పు.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
ఇమాంబీ